మందుకు చిరునామా

కీళ్లవాతంతో చాలాకాలంగా బాధపడుతున్నవాళ్ల ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే తరచుగా రెండు చిన్న మాత్రలు కనిపిస్తాయి. ఒకటి మెథోట్రెక్సేట్. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రెండోది ఫోలిక్ యాసిడ్. దాన్ని ఇంకో రోజున వేసుకోవాలి. ఏ రోజు ఏది అన్నది మరిచిపోకుండా స్ట్రిప్పు వెనకాల పెన్నుతో "ఆదివారం", "సోమవారం" అని రాసిపెట్టుకునేవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. పొద్దున లేవగానే బిగుసుకుపోయిన వేళ్లతో కాఫీ గ్లాసు పట్టుకోవడానికి కూడా అవస్థపడేవాళ్లకు ఆ రెండు మాత్రలే పెద్ద ఆధారం.

ఆ రెండింటికీ పుట్టిల్లు ఒకటే. అమెరికాలోని పెర్ల్ రివర్ పట్టణంలో ఉన్న లెడర్లీ ప్రయోగశాల. 1940లలో అక్కడి పరిశోధనలకు పెద్దదిక్కు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో తోబుట్టువులు పోవడం కళ్లారా చూసిన మనిషి ఆయన. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ తర్వాత అదే బృందం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ దాని పనిని అడ్డుకునే అణువులను తయారుచేసింది. అమినాప్టెరిన్ అందులో ఒకటి, మెథోట్రెక్సేట్ ఇంకొకటి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను లుకేమియా సోకిన పసిపిల్లలకు ఇచ్చి, ఆ జబ్బును మందుతో కొంతకాలమైనా వెనక్కి నెట్టవచ్చని 1948లో లోకానికి చూపించారు. మెథోట్రెక్సేట్ తర్వాతి కాలంలో చిన్న మోతాదులో కీళ్లవాతానికి మందయింది. 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అందుకు అనుమతినిచ్చింది.

ఒకే రోగికి ఒక చేత్తో ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మాత్ర, ఇంకో చేత్తో అదే ఫోలిక్ యాసిడ్ ఎందుకు ఇస్తున్నట్టు? మెథోట్రెక్సేట్‌కు మోకాలు ఎక్కడుందో, వేళ్ల కణుపులు ఎక్కడున్నాయో తెలియదు గనక. మింగిన మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కీళ్ల మీద దాడి చేస్తున్న కణాలను అదుపు చేస్తుంది. అదే పోకలో నోటి పొరను, పేగు పొరను, ఎముక మజ్జను, కాలేయాన్ని కూడా తాకుతుంది. అలా తగలకూడని చోట్ల తగిలిన దెబ్బకు ఫోలిక్ యాసిడ్ కాపు.

మన వైద్యంలో ఎక్కువ మందులు ఇలాంటివే. ఒక ఇంటికి చెప్పాల్సిన కబురును ఊరంతా దండోరా వేసినట్టు పనిచేస్తాయి. కొత్త అణువును కనిపెట్టడం వైద్యంలో సగం పని. దాన్ని చేరాల్సిన చోటికి, చేరాల్సిన వేళకు, కావలసినంతే చేర్చడం మిగతా సగం. గత కొన్నేళ్లుగా ఎంతో ఆశ పుట్టిస్తున్న పరిశోధనలు ఆ రెండో సగంలోనే జరుగుతున్నాయి. వాటిలో కొన్ని మందు తయారీ తీరును మారుస్తున్నాయి. కొన్ని మందునే పక్కనపెట్టి విద్యుత్తుతో పని జరిపిస్తున్నాయి.

పొట్ట దాటని ఇన్సులిన్

1922 జనవరిలో టొరంటోలో మధుమేహంతో చావుకు దగ్గరైన పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ సూది వేశారు. మొదటి మందు శుద్ధంగా లేక సరిగా పనిచేయలేదు. జేమ్స్ కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త పన్నెండు రోజుల్లో దాన్ని మరింత శుద్ధి చేసి ఇచ్చాక చక్కెర దిగింది. కుర్రాడు తేరుకున్నాడు. అంటే ఇన్సులిన్ చరిత్రలో మొదటి గెలుపు కూడా మందును తయారుచేసే తీరులోనే ఉంది. నూరేళ్లు గడిచాయి. ఇన్సులిన్ ఇప్పటికీ ఎక్కువగా సూదిమందే. ఇన్ని చేసిన శాస్త్రం దాన్ని మాత్రగా ఎందుకు చేయలేకపోయింది?

జవాబు మన పొట్టలోనే ఉంది. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలు గుదిగుచ్చిన ప్రోటీన్. పప్పులో, గుడ్డులో, చేపలో ఉండే ప్రోటీన్లను ముక్కలు చేయడానికి పుట్టిన అవయవం జీర్ణాశయం. అక్కడి ఆమ్లానికి, పెప్సిన్ ఎంజైముకు ఇన్సులిన్ కూడా ఒక ముద్ద అన్నమే. ఒకవేళ అక్కడ తప్పించుకున్నా, చిన్నపేగులో ఇంకొన్ని ఎంజైములు కాచుకుని ఉంటాయి. వాటినీ దాటితే పేగు గోడ అడ్డం. మధుమేహానికి మింగే మెట్‌ఫార్మిన్ అణువుతో పోలిస్తే ఇన్సులిన్ అణువు దాదాపు 45 రెట్లు బరువు. అంత పెద్ద అణువు పేగు కణాల మధ్య సందుల్లోంచి దూరలేదు.

సూదిమందుగానే ఉంచి దాని నడకను మార్చడంలో మాత్రం శాస్త్రవేత్తలు గెలిచారు. 1936లో డెన్మార్క్‌లో హాగెడోర్న్ అనే వైద్యుడు చేపల నుంచి తీసిన ప్రోటమీన్ అనే ప్రోటీన్‌ను ఇన్సులిన్‌తో జతచేశారు. చర్మం కింద అది నెమ్మదిగా కరిగి ఎక్కువసేపు పనిచేసింది. 2000లో వచ్చిన గ్లార్జిన్ ఇన్సులిన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సీసాలో ఆ ద్రవం కాస్త ఆమ్లగుణంతో తేటగా ఉంటుంది. చర్మం కింద ఆమ్లం లేని చోటికి చేరగానే సన్నని రేణువులుగా గడ్డకట్టి, రోజంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. అంటే మన ఒంటి గుణాన్నే తాళంచెవిగా వాడుకున్నారు. హైదరాబాదు మందుల పరిశ్రమలో పనిచేసేవాళ్లు బల్క్ డ్రగ్ వేరు, ఫార్ములేషన్ వేరు అని చెప్పుకోవడం వెనక ఉన్న తేడా ఇదే. అణువు ఒక విద్య, ఆ అణువును నడిపించడం ఇంకో విద్య.

మింగే మాత్ర విషయంలో ఒక కోట ఈమధ్యే కూలింది. మధుమేహానికీ, బరువు తగ్గడానికీ వాడుతున్న సెమాగ్లుటైడ్ కూడా ఇన్సులిన్‌లాగే అమైనో ఆమ్లాలు గుదిగుచ్చిన పెప్టైడే. మొదట సూదిమందుగానే వచ్చింది. 2019లో దాని మాత్రకు అమెరికాలో అనుమతి దొరికింది. ఆ మాత్రలో మందుతోపాటు స్నాక్ అనే చిన్న అణువును 300 మిల్లీగ్రాములు కలుపుతారు. మాత్ర జీర్ణాశయం గోడకు ఆనుకుని కరుగుతుంది. కరిగిన ఆ కాస్త మేర స్నాక్ ఆమ్లాన్ని చల్లారుస్తుంది. అక్కడ పెప్సిన్ మందగిస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లో, స్నాక్ సాయంతో, మందు గోడ కణాల గుండా రక్తంలోకి జారుతుంది.

అంత చేసినా రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. వారానికి ఒకసారి అర మిల్లీగ్రాము సూదిమందుతో జరిగే పనికి, మాత్రగా రోజూ 14 మిల్లీగ్రాములు, అంటే వారానికి 98 మిల్లీగ్రాములు మింగాల్సి వస్తుంది. పైగా పరగడుపున, అర గ్లాసుకు మించని నీళ్లతో మింగి, అరగంటపాటు ఏమీ తినకుండా తాగకుండా ఉండాలి. నీళ్లు ఎక్కువైతే స్నాక్ కట్టిన ఆ చిన్న గూడు కొట్టుకుపోతుంది.

తాబేలు నేర్పిన పాఠం

గోడ దాటడం అంత కష్టమైతే గోడలోకే సూదిని గుచ్చితే? ఈ ఆలోచనను అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ లాంగర్, జొవాన్ని ట్రవర్సో బృందం చేతల్లో పెట్టింది. 2019 ఫిబ్రవరిలో సైన్స్ పత్రికలో అలెక్స్ ఏబ్రమ్సన్ మొదటి రచయితగా ఆ పరిశోధన అచ్చయింది.

వాళ్లు చేసింది శనగగింజ కన్నా కాస్త పెద్దదైన గుళిక. దానిలో ఎండబెట్టి గట్టిగా అదిమిన ఇన్సులిన్‌తోనే చేసిన సూదిమొన ఉంటుంది. దాని వెనక ఒక స్ప్రింగు. ఆ స్ప్రింగును బిగబట్టి ఉంచేది చక్కెర బిళ్ల. పొట్టలోని తడికి చక్కెర కరుగుతుంది. స్ప్రింగు విడుతుంది. సూదిమొన జీర్ణాశయం గోడలోకి దిగుతుంది. ఇన్సులిన్ అక్కడి నుంచి మెల్లగా రక్తంలోకి కరుగుతుంది. ఖాళీ గుళిక పేగుల వెంట దిగి బయటికి పోతుంది. పొడుచుకున్నట్టు తెలియజేసే నొప్పి గ్రాహకాలు జీర్ణాశయం లోపలి పొరలో లేవు గనక ఆ గుచ్చుకోవడం మనిషికి తెలియదని పరిశోధకులు అంచనా వేశారు.

అసలు చిక్కు వేరే ఉంది. పొట్టలో పడిన గుళిక ఎటు తిరిగి పడుతుందో ఎవరు చెప్పగలరు? సూదిమొన గోడవైపు కాకుండా పైకి ఉంటే మందంతా వృథా. మనం నడుస్తాం, పడుకుంటాం, పొట్ట కదులుతూనే ఉంటుంది. ఈ చిక్కును విప్పింది ఆఫ్రికాలో బతికే చిరుత తాబేలు. దాని డొప్ప ఎత్తుగా, గుమ్మటంలా ఉంటుంది. వెల్లకిలా పడినా ఆ వంపు సాయంతో తిరిగి కాళ్ల మీదికి వస్తుంది. గుళికకు అదే వంపు పెట్టి, అడుగున బరువు ఉంచారు. ఎలా పడినా అది కుదురుకుని, సూదిమొనను గోడకు ఆనించి కూర్చుంటుంది. మన సంక్రాంతి తిరునాళ్లలో అమ్మే, ఎలా తోసినా లేచి నిలబడే బొమ్మలోనూ ఇదే కిటుకు.

పందుల మీద చేసిన పరీక్షల్లో ఈ గుళిక చర్మం కింద వేసిన సూదిమందుతో పోల్చదగినంతగా చక్కెరను దించింది. ఇంకో మేలు కూడా ఉంది. ఆరోగ్యవంతుల ఒంట్లో క్లోమం విడుదల చేసే ఇన్సులిన్ మొదట చేరేది కాలేయానికి. చక్కెరను దాచేదీ, వదిలేదీ కాలేయమే గనక అది దానికి సరైన చిరునామా. చేతికో పొట్టమీదో సూది వేస్తే ఇన్సులిన్ ముందు ఒళ్లంతా తిరిగి ఆ తర్వాత కాలేయానికి వెళ్తుంది. జీర్ణాశయం గోడ నుంచి వెళ్లే రక్తం మాత్రం నేరుగా కాలేయానికే పోతుంది. అంటే ఈ గుళిక తప్పించేది సూది బాధనే కాదు, దారి కూడా ప్రకృతి వేసిన దారికి దగ్గరవుతుంది.

2024 నవంబరులో నేచర్ పత్రికలో ఇదే దారిలో మరో ప్రయోగం వచ్చింది. ఈసారి గురువు తాబేలు కాదు, సముద్రంలో నీటిని చిమ్ముతూ దూసుకుపోయే స్క్విడ్. సూదే లేకుండా, మందు ద్రవాన్ని సన్నని ధారగా వేగంగా చిమ్మి పేగు, పొట్ట గోడల పొరలోకి పంపే పరికరాలను ఎంఐటీ, నోవో నార్డిస్క్ మందుల కంపెనీ పరిశోధకులు కలిసి తయారుచేసి జంతువుల్లో పరీక్షించారు. ఇవేవీ ఇంకా మందుల షాపు దాకా రాలేదు. రోజూ మింగాల్సిన మనిషి పొట్టలో ఏళ్ల తరబడి సురక్షితమేనా అన్నది తేల్చాకే వస్తాయి.

రెండు కప్పల గుండెలు

ఇక మందుకు బదులు విద్యుత్తును వాడే దారి. టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఇన్సులిన్ వెనకపడిన 1921లోనే, ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఆటో లోయీ అనే శాస్త్రవేత్తకు ఈస్టర్ ముందురాత్రి ఒక కల వచ్చింది. లేచి ఏదో రాసుకున్నారు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి అదే కల మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్ముకోకుండా అప్పటికప్పుడు ప్రయోగశాలకు వెళ్లారు.

కొట్టుకుంటున్న రెండు కప్ప గుండెలను తీసి రెండు పాత్రల ద్రవంలో ఉంచారు. మొదటి గుండెకు అతుక్కుని ఉన్న వేగస్ నాడికి విద్యుత్తు తగిలించారు. గుండె నెమ్మదించింది. ఇది అప్పటికే తెలిసిన సంగతే. తర్వాత ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి, ఏ నాడీ లేని రెండో గుండె మీద పోశారు. అదీ నెమ్మదించింది. నాడి చివర ఏదో రసాయనం ఊరుతోందన్నమాట. ఆ రసాయనమే అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి లోయీకి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ ప్రయోగంలో ఇంకో అర్థం దాగి ఉంది. నాడి అంటే వట్టి కరెంటు తీగ కాదు. దాని పొడవునా విద్యుత్తు నడుస్తుంది. చివరన, సరిగ్గా అవసరమైన కణం గుమ్మంలో, చుక్కలో చుక్కంత రసాయనం పడుతుంది. పని అయిపోగానే ఎంజైములు దాన్ని తుడిచేస్తాయి. చిరునామా, వేళ, మోతాదు మూడూ సరిగ్గా కుదిరిన మందు పంపిణీ వ్యవస్థ మన ఒంట్లో ఎప్పటినుంచో ఉంది. మాత్ర దండోరా అయితే నాడి ఇంటికి చేరే ఉత్తరం.

ఆ ఉత్తరం వాపును కూడా చల్లార్చగలదని తెలియడానికి ఇంకో 77 ఏళ్లు పట్టింది. న్యూయార్క్‌లో నాడీ శస్త్రవైద్యుడు కెవిన్ ట్రేసీ 1985లో ఒళ్లు కాలిన పదకొండు నెలల పసిబిడ్డకు వైద్యం చేశారు. గాయాలు మానుతున్నాయనుకున్న దశలో బిడ్డ షాక్‌లోకి వెళ్లి చనిపోయింది. ఆ చావు ఆయన్ను వదల్లేదు. అలాంటి షాక్‌లలో శరీరం తనకు తానే విడుదల చేసుకునే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ పాత్ర ఎంతో ఆయన పరిశోధనలు చూపాయి. ఇన్ఫెక్షన్ వస్తే రక్షణ కణాలను పిలిచే భేరీ టీఎన్ఎఫ్. అది ఆగకుండా మోగితే కాపలావాళ్లే ఇల్లు కూల్చేస్తారు. కీళ్లవాతంలో కీళ్లకు జరిగేదీ ఇదే.

1998లో ఆయన బృందం వాపును తగ్గించే ఒక మందును ఎలుకల మెదడులోకి అతి కొద్దిగా ఎక్కించింది. మెదడులో పనిచేస్తుందనుకున్నారు. చేసింది. ఒంట్లో మిగతా చోట్ల కూడా టీఎన్ఎఫ్ తగ్గింది. అంత చిన్న మోతాదు రక్తంలో కలిసి ఒళ్లంతా ఆ పని చేయడం కుదరదు. మెదడు నుంచి కిందికి ఇంకేదో దారి ఉండాలి. వేగస్ నాడిని కోసి చూస్తే ఆ ప్రభావం పోయింది. మందు లేకుండా నాడికి విద్యుత్తు మాత్రమే తగిలిస్తే టీఎన్ఎఫ్ మళ్లీ తగ్గింది. 2000లో ఆ ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది.

ఉత్తరం నడిచే దారి ఆ తర్వాత పదేళ్లకు పైగా మజిలీ మజిలీగా బయటపడింది. టీఎన్ఎఫ్‌ను ఎక్కువగా వదిలే చోటు ప్లీహం. వేగస్ నాడి సంకేతం పొట్టలోని నాడీ ముడి దగ్గర ప్లీహపు నాడికి అందుతుంది. ఆ నాడి చివర నార్‌ఎడ్రినలిన్ ఊరుతుంది. అది అక్కడి ఒక రకం టీ కణాలను తడుతుంది. ఆ కణాలు అసిటైల్‌కోలిన్‌ను వదులుతాయి. అది టీఎన్ఎఫ్‌ను వదిలే మాక్రోఫేజ్ కణాలకు చేరి "ఇక చాలు" అని చెబుతుంది. 2011లో ఈ టీ కణాల సంగతి తేలినప్పుడు చివరి గుమ్మంలో కనిపించినది తొంభై ఏళ్ల కిందట లోయీ కప్ప గుండెలో దొరకబట్టిన రసాయనమే.

రోజుకు ఒక్క నిమిషం

ప్రయోగశాల నుంచి మనిషి దాకా ఆ దారి పొడవైనది. 2016లో అచ్చయిన తొలి మానవ పరిశోధనలో 17 మంది కీళ్లవాత రోగుల మెడలో వేగస్ నాడికి పరికరం అమర్చారు. నాడిని తట్టినప్పుడు టీఎన్ఎఫ్ తగ్గింది. కొన్నాళ్లు ఆపితే పెరిగింది. మళ్లీ మొదలుపెడితే తగ్గింది. రోగుల నొప్పులు, వాపులు కూడా అదే దారిలో నడిచాయి. 2025 జులై నెలాఖరున అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కీళ్లవాతానికి మొదటిసారిగా ఇలాంటి పరికరానికి అనుమతినిచ్చింది. సెట్‌పాయింట్ మెడికల్ తయారుచేసిన ఆ పరికరం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. మెడ ఎడమవైపు వేగస్ నాడి మీద అమరుస్తారు. అది రోజుకు ఒక్క నిమిషం నాడిని తడుతుంది. ఖరీదైన బయోలాజిక్ మందులు, వాటి తరహా కొత్త మందులు పనిచేయని, లేదా పడని పెద్దలకు మాత్రమే దీనికి అనుమతి.

ఈ అనుమతికి ఆధారమైన పరీక్ష అంకెలను పాఠకులు నిదానంగా చూడాలి. 242 మందికి పరికరం అమర్చారు. సగం మందికి మాత్రమే నిజంగా నాడిని తట్టారు. ఎవరికి తడుతున్నదీ రోగులకు తెలియదు. పన్నెండు వారాల తర్వాత, జబ్బు లక్షణాలు కనీసం ఐదో వంతు తగ్గినవాళ్లు తట్టినవాళ్లలో 35.2 శాతం. తట్టనివాళ్లలో 24.2 శాతం. అంటే నికరమైన లాభం నూటికి పదకొండు మందికి. మందులన్నీ వాడి విసిగిపోయిన రోగులకు ఇది చిన్న విషయమేమీ కాదు. జబ్బును నయం చేసే అద్భుతమూ కాదు.

పరికరం నుంచి వెళ్లే సంకేతానికి కూడా పూర్తి చిరునామా లేదన్నది మరిచిపోకూడదు. వేగస్ అనే లాటిన్ మాటకు దేశదిమ్మరి అని అర్థం. గొంతుకు, గుండెకు, ఊపిరితిత్తులకు, పొట్టకు, పేగులకు వెళ్లే వేలాది తంతువులు ఆ ఒక్క నాడిలో కట్టకట్టి ఉన్నాయి. మెడ దగ్గర తడితే ప్లీహానికి వెళ్లాల్సిన సంకేతం గొంతును కూడా తాకుతుంది. మూర్ఛవ్యాధికి 1997 నుంచి అమెరికాలో ఇలాంటి పరికరాలు వాడుతున్నారు. వాటిని అమర్చుకున్నవాళ్లలో గొంతు బొంగురుపోవడం అందుకే కనిపిస్తుంది. కట్టలోంచి ఒక్క పోగును ఎంచుకుని తట్టడం ఎలా అన్నది ఇప్పుడు ఈ రంగం ముందున్న పెద్ద ప్రశ్న.

అయినా ఈ దారి మీద నాకు నమ్మకం ఉంది. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే సూదిమందులు లక్షల మందికి మేలు చేశాయి. కానీ అవి ఒళ్లంతా ఆ భేరీని అణచివేస్తాయి. క్షయ క్రిములను గోడకట్టి బంధించి ఉంచేదీ టీఎన్ఎఫే. అందుకే మన దేశంలో ఆ మందులు మొదలుపెట్టేముందు ఒంట్లో క్షయ దాగి ఉందేమో పరీక్షిస్తారు. ఒంటికున్న సొంత తాడుతో వాపును కాస్త వెనక్కి లాగగలిగితే, క్షయ ఇంత ఎక్కువగా ఉన్న మనలాంటి దేశానికి ఆ తేడా చిన్నది కాదు.

బియ్యపు గింజంత పేస్‌మేకర్

మందు తయారీవాళ్లు, కరెంటువాళ్లు వేర్వేరు దారుల్లో మొదలైనా ఇప్పుడు ఒకే కూడలికి చేరుతున్నారు. 2023లో ట్రవర్సో, ఖలీల్ రమాది బృందం మింగే గుళికలో మందుకు బదులు ఎలక్ట్రోడ్లు పెట్టింది. జీర్ణాశయం గోడను కరెంటుతో తడితే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఊరుతుంది. జబ్బుతో ఆకలి చచ్చినవాళ్లకు ఇది పనికొస్తుందని ఆశ. పొట్టలోని ద్రవం గోడకూ ఎలక్ట్రోడ్‌కూ మధ్య అడ్డం రాకుండా ఆస్ట్రేలియా ఎడారిలో ఉండే ముళ్ల తొండను చూసి నేర్చుకున్నారు. దాని చర్మం మీది సన్నని గాళ్లు తడిని పీల్చి నోటికి చేరుస్తాయి. గుళిక మీద అలాంటి గాళ్లే చెక్కి ద్రవాన్ని పక్కకు లాగారు. పందుల్లో ఇరవై నిమిషాలు తడితే గ్రెలిన్ పెరిగింది.

2025 ఏప్రిల్‌లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్, ఇగోర్ ఎఫిమోవ్ బృందం నేచర్‌లో ప్రకటించిన పేస్‌మేకర్ ఇంకా చిన్నది. పొడవు 3.5 మిల్లీమీటర్లు, వెడల్పు 1.8, మందం 1. బియ్యపు గింజ కన్నా చిన్నది. సిరంజిలోంచి ఎక్కించవచ్చు. దానికి వేరే బ్యాటరీ లేదు. దానిలోని రెండు లోహాల మధ్యకు ఒంటి ద్రవమే చేరి బ్యాటరీ అవుతుంది. ఛాతీ మీద అంటించిన పట్టీ గుండె లయను గమనిస్తూ, లయ తప్పితే కంటికి కనిపించని కాంతిని చర్మం గుండా పంపుతుంది. ఆ కాంతి తగలగానే పేస్‌మేకర్ గుండెను తడుతుంది. పని తీరాక ఒంట్లోనే కరిగిపోతుంది.

ఇది ఎవరి కోసం? నూటికి ఒక బిడ్డ గుండెలో ఏదో లోపంతో పుడుతుంది. శస్త్రచికిత్స తర్వాత అలాంటి పసిగుండెకు వారం రోజులపాటే ఆసరా కావాలి. ఇప్పటి పద్ధతిలో గుండెకు కుట్టిన తీగలు ఛాతీలోంచి బయటికి వస్తాయి. తర్వాత వాటిని లాగేయాలి. లాగేటప్పుడు గాయమై లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. చంద్రుడి మీద తొలి అడుగు వేసిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో గుండె శస్త్రచికిత్స తర్వాత చనిపోవడానికి దారితీసింది అలాంటి రక్తస్రావమే.

పేస్‌మేకర్ ఎక్కడ మొదలైందో గుర్తుచేసుకుంటే ఈ గింజ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1958 అక్టోబరులో స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి ప్రపంచంలోనే మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టారు. బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి పోతపోసిన పరికరం అది. కొన్ని గంటల్లోనే పాడైంది. మరొకటి పెట్టారు. జీవితంలో ఇరవైకి పైగా మార్చుకుంటూ లార్సన్ 2001 దాకా, 86 ఏళ్ల వయసు వరకు బతికారు. తనకు పరికరం చేసిన ఇంజినీరు కన్నా, అమర్చిన వైద్యుడి కన్నా ఎక్కువ కాలం బతికారు. వేగస్ నాడి పరికరానికి వచ్చిన నేటి నూటికి పదకొండు మంది అంకెను చూసేటప్పుడు నాకు ఆ మొదటి పేస్‌మేకర్ నడిచిన కొన్ని గంటలు గుర్తొస్తాయి.

మిగిలిన దారి

ఈ గుళికలు, గింజలు మన ఊరి ఆసుపత్రికి వచ్చేసరికి ఇంకా ఏళ్లు పడతాయి. వాటి ధర మనవాళ్లకు అందేలా చేయడం కూడా పరిశోధనంత పెద్ద పనే. ఈలోగా మన చేతిలో ఉన్న మందులు దారి తప్పకుండా చూసుకోవడం మన వంతు.

మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒకసారి బదులు పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మాత్ర వాడుతుంటే ఏ రోజు వేసుకోవాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఇన్సులిన్‌ను రోజూ ఒకేచోట గుచ్చుకుంటే అక్కడ కొవ్వు గడ్డకట్టి, మందు ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా ఎక్కుతుంది. చోటు మార్చుకుంటూ ఉండాలి. పేరు పక్కన ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉన్న మాత్ర రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా తయారైంది. మింగలేకపోతున్నారని దాన్ని నలిపి ఇస్తే రోజంతటి మందు ఒక్కసారిగా రక్తంలో పడుతుంది. నలిపే ముందు డాక్టరునో, ఫార్మసిస్టునో అడగాలి. పరగడుపున వేసుకోమన్న మాత్రను టిఫిన్ తిన్నాక వేసుకుంటే, దాన్ని తయారుచేయడానికి పట్టిన ఏళ్ల కష్టమంతా ఇడ్లీతోపాటే అరిగిపోతుంది.

సుబ్బారావు బృందం అణువులను ఇచ్చి ఎనభై ఏళ్లు అవుతోంది. వాటి దారిని చక్కబెట్టే పని ఇంకా సాగుతూనే ఉంది. ఆ దారిలో ఆఖరి మజిలీ ప్రయోగశాలలో లేదు, ఇంట్లో ఉంది. స్ట్రిప్పు వెనకాల వణికే చేత్తో రాసుకున్న "ఆదివారం" అన్న ఒక్క మాట కూడా మందు చిరునామాలో భాగమే.